మేనేజర్ అంచనా హౌస్‌కీపింగ్ ట్రాలీ దాకా ఎలా వస్తుంది?

ఉదయం ఎనిమిది కావస్తుంటే ఏ పెద్ద హోటల్లోనైనా వెనకవైపు ఓ చిన్న గదిలోనో, సర్వీస్ లిఫ్టు పక్కన కారిడార్‌లోనో హౌస్‌కీపింగ్ వాళ్ళు వరసగా నిలబడి కనిపిస్తారు. సూపర్‌వైజర్ చేతిలో ఒక కాగితం. ఎవరికి ఏ ఫ్లోరు, ఎన్ని గదులు, వాటిలో చెకౌట్లు ఎన్ని అన్నది అందులో రాసి ఉంటుంది. పది నిమిషాల్లో బ్రీఫింగ్ అయిపోతుంది, ట్రాలీలు కదులుతాయి. వీఐపీ దిగబోయే సూట్ ఎవరికి పడిందో, స్టాఫ్ లాకర్ రూమ్ ఎవరికి పడిందో పైకి ఎవరూ అనరు గానీ అందరూ గమనిస్తారు.

ఆ కాగితం మీద కనిపించేవి గది నంబర్లు. ఎవరు ఎంతవరకు పనికొస్తారని ఆ సూపర్‌వైజర్ అనుకుంటున్నారో అదీ అందులో ఉంది, చదవడం తెలిస్తే. నాయకుల అంచనాలే ఉద్యోగుల పనితీరును తీర్చిదిద్దుతాయన్న మాట హోటల్ రంగంలో ట్రైనింగ్ క్లాసుల్లో తరచూ వినిపిస్తుంది. "మీ వాళ్ళను నమ్మండి, వాళ్ళే ఎదుగుతారు" అంటారు కొందరు. "నమ్మితే గదులు రెడీ అవుతాయా? టార్గెట్ పెట్టి వెంటపడితే అవుతాయి" అంటారు ఇంకొందరు. ఈ ఇద్దరూ ఒకే విషయం గురించి మాట్లాడుకోవడం లేదు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

## 'ఎక్స్‌పెక్టేషన్' అనే ఒక్క మాటలో మూడు సంగతులు

మనం రోజూ వాడే ఈ మాటను కొంచెం విడదీసి చూద్దాం. "మా జీఎం (జనరల్ మేనేజర్) గారి ఎక్స్‌పెక్టేషన్స్ చాలా ఎక్కువ" అంటే ఆయన పెట్టుకున్న ప్రమాణం ఎత్తున ఉందని అర్థం. బాత్రూమ్ అద్దం మీద నీటి చుక్క మరక కూడా ఉండకూడదు, రిసెప్షన్‌లో ఫోన్ మూడో రింగు లోపు ఎత్తాలి, అలాంటివి. "ఈ కొత్తమ్మాయి మీద మాకు చాలా ఎక్స్‌పెక్టేషన్స్ ఉన్నాయి" అంటే అది ఆశ. "వీడు మూడు నెలల్లో మానేస్తాడు చూడండి" అన్నది అంచనా. అలా కోరుకోవడం లేదు, కానీ అలాగే జరుగుతుందని లోపల గట్టిగా అనుకుంటున్నారు.

పరిశోధకులు పనితీరును మారుస్తుందని చెప్పింది ఈ మూడోదాన్ని. ప్రమాణం గోడ మీద చార్టులో ఉంటుంది, ఆశ మాటల్లో ఉంటుంది. అంచనా మాత్రం ఆ మనిషితో మనం ప్రవర్తించే తీరులోకి మనకు తెలియకుండానే దిగిపోతుంది. ఎత్తైన ప్రమాణం పెట్టి, "నీ వల్ల కాదులే" అన్న అంచనాతో చూస్తే ఆ ఉద్యోగికి మిగిలేది టెన్షన్ ఒక్కటే. చాలా హోటళ్ళలో "మేం హై ఎక్స్‌పెక్టేషన్స్ పెట్టాం, అయినా ఫలితం రాలేదు" అనే ఫిర్యాదుకు మూలం ఈ తికమకేనని నా అభిప్రాయం.

## బ్యాంకు పుకారు నుంచి సైనిక శిబిరం దాకా

ఈ ఆలోచనకు పునాది వేసింది అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్. 1948లో ఆయన ఒక బ్యాంకు ఉదాహరణ చెప్పారు. బ్యాంకు దగ్గర డబ్బు బాగానే ఉంది. మునిగిపోతోందని పుకారు లేచింది. అందరూ ఒక్కసారిగా డిపాజిట్లు వెనక్కి తీసుకోవడానికి ఎగబడ్డారు. నిజంగానే మునిగింది. మొదట్లో అబద్ధమైన నమ్మకం, దాన్ని నమ్మి జనం చేసిన పనుల వల్లే నిజమైపోయింది.

1960లలో మనస్తత్వవేత్త రాబర్ట్ రోసెంథాల్ దీన్ని ప్రయోగశాలలోకి తెచ్చారు. ఒకే రకం ఎలుకలను విద్యార్థులకు పంచి, కొందరితో "ఇవి తెలివైన జాతి" అనీ, మరికొందరితో "ఇవి మందకొడివి" అనీ చెప్పారు. 'తెలివైన' ఎలుకలు దారి త్వరగా నేర్చుకున్నాయి. వాటిని విద్యార్థులు మరింత మృదువుగా పట్టుకున్నారు, మరింత ఓపికగా చూసుకున్నారు. తర్వాత లెనోర్ జాకబ్‌సన్ అనే ప్రిన్సిపాల్‌తో కలిసి కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఇదే చేశారు. ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరి పేరు చీటీ తీసినట్టు ఎంచి, "ఈ పిల్లలు ఈ ఏడాది బాగా వికసిస్తారని పరీక్షలో తేలింది" అని టీచర్లకు చెప్పారు. ఏడాది తిరిగేసరికి, ముఖ్యంగా ఒకటి, రెండు తరగతుల్లో, ఆ పిల్లల తెలివితేటల స్కోర్లు మిగతావారికన్నా ఎక్కువ పెరిగాయి. 1968లో ఈ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. తాను చెక్కిన బొమ్మనే ప్రేమించి, దానికి ప్రాణం వచ్చేలా చేసుకున్న గ్రీకు పురాణ శిల్పి పేరు మీద దీన్ని 'పిగ్మాలియన్ ప్రభావం' అంటున్నారు.

మరుసటి ఏడాదే, 1969లో, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు స్టెర్లింగ్ లివింగ్‌స్టన్ దీన్ని ఆఫీసులకు అన్వయిస్తూ ఒక వ్యాసం రాశారు. అందులో మెట్రోపాలిటన్ లైఫ్ బీమా కంపెనీ శాఖలో 1961లో జరిగిన కథ ఒకటుంది. అక్కడ ఏజెంట్లను బాగా చేసేవాళ్ళు, మధ్యరకం, వెనకబడినవాళ్ళు అని మూడు జట్లుగా విడదీశారు. అనుకున్నట్టే పై జట్టు దూసుకుపోయింది, కింది జట్టు ఇంకా దిగజారింది. అసలు ఆసక్తికరమైనది మధ్య జట్టు. దాని మేనేజర్ తాను, తన ఏజెంట్లు మధ్యరకమంటే ఒప్పుకోలేదు. "పై జట్టుకన్నా మనలో సత్తా ఎక్కువ, వాళ్ళకు అనుభవమే ఎక్కువ" అని తన వాళ్ళతో చెబుతూ వచ్చారు. మొత్తం అమ్మకాల్లో పై జట్టును అందుకోలేకపోయినా, పెరుగుదల శాతంలో ఆ మధ్య జట్టే ముందుంది.

ఇది కథ. గట్టి ప్రయోగం ఇజ్రాయెల్ సైన్యంలో జరిగింది. అక్కడి మనస్తత్వవేత్త డోవ్ ఈడెన్, ఆయన సహచరుడు కలిసి 1982లో ప్రచురించిన అధ్యయనంలో 105 మంది సైనిక ట్రైనీలు ఉన్నారు. వారిలో కొందరికి నాయకత్వ సామర్థ్యం ఎక్కువని బోధకులకు చెప్పారు. ఆ పేర్లు ఎలాపడితే అలా ఎంచినవే. కోర్సు చివర పరీక్షల్లో వారికి స్పష్టంగా ఎక్కువ మార్కులు వచ్చాయి. పై అధికారి అంచనా తక్కువగా ఉంటే కింది మనిషి పనితీరు కుంగిపోవడానికి ఈ రంగంలో 'గోలెం ప్రభావం' అని పేరు. తన మీద తనకే నమ్మకం పెరిగి బాగా చేయడాన్ని 'గలాటియా ప్రభావం' అంటారు.

## మనసులో మాట చేతల్లోకి వచ్చే దారులు

అంచనా గాలిలో ప్రయాణించదు. రోసెంథాల్ దానికి నాలుగు దారులు చెప్పారు: దగ్గరితనం, నేర్పడం, మాట్లాడనివ్వడం, తప్పొప్పులు చెప్పే తీరు. నమ్మకమున్న మనిషి దగ్గర బాస్ ముఖం తేలిగ్గా ఉంటుంది. వాళ్ళకు కొత్త పని నేర్పుతారు, కష్టమైనది అప్పగిస్తారు. జవాబు చెప్పడానికి సమయం ఇస్తారు. తప్పు చేస్తే ఎక్కడ చేశారో విడమరిచి చెబుతారు. నమ్మకం లేనివాళ్ళకు "సరేలే, వదిలెయ్" అంటారు. ఆ మాట దయలా వినిపిస్తుంది కూడా.

మూడో దారి ఎలా మూసుకుపోతుందో నేను ఒక పెళ్ళి రిసెప్షన్‌లో చూశాను. పెద్ద బాంక్వెట్ హాల్. కొత్తగా చేరిన కుర్రాడొకడు మంచినీళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. చిన్న పాపను ఎత్తుకున్న ఒకావిడ వచ్చి, "బాబూ, ఈ కూరలో జీడిపప్పు వేశారా? పాపకు పడదు" అని అడిగింది. వాడు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, తన పైనుండే కెప్టెన్ కోసం హాలంతా చూశాడు. ఆవిడ విసుక్కుని వెళ్ళిపోయింది. కాసేపాగి నేనే వాడిని అడిగాను. పొద్దున ఆ గ్రేవీకి జీడిపప్పు నానబెట్టింది తనేనట. "తెలుసండీ. గెస్టులతో మాట్లాడొద్దు, నీకు రాదు అన్నారు" అన్నాడు. ఆ రోజు కెప్టెన్ రిపోర్టు రాసి ఉంటే, 'కమ్యూనికేషన్ లేదు' అనే రాసేవారు. ఆ మాటలో అబద్ధం కూడా ఉండేది కాదు.

## పద్నాలుగు గదుల లెక్క

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. షిఫ్టు 9 గంటలు. భోజనం, బ్రీఫింగ్, ట్రాలీ సర్దుకోవడం కలిపి గంటన్నర తీసేస్తే గదులకు మిగిలేది 450 నిమిషాలు. ఒక్కొక్కరికి 14 గదులు, గదికి సగటున 30 నిమిషాలు. అంటే 420 నిమిషాల పని, 30 నిమిషాల వెసులుబాటు.

లక్ష్మి, రాణి ఇద్దరి పనితనం, వేగం ఒకటే అనుకుందాం. ఇద్దరి గదులూ సూపర్‌వైజర్ చెక్ చేస్తారు. ఇద్దరి గదుల్లోనూ ఐదేసి చిన్న లోపాలు దొరికాయి: దిండు గలీబు మడత, అయిపోయిన షాంపూ సీసా, అలాంటివే. లక్ష్మి మీద గురి ఉంది కాబట్టి ఆ ఐదూ కాగితం మీద రాసుకుని, ఫ్లోరు అయ్యాక ఒకేసారి చెబుతారు. ఆమె ఒక చుట్టు తిరిగి 15 నిమిషాల్లో సరిచేస్తుంది. మొత్తం 435. ఇంకా 15 నిమిషాలు మిగిలాయి.

రాణి మీద అనుమానం. లోపం కనబడిన ప్రతిసారీ చేస్తున్న గది ఆపించి వెనక్కి పిలుస్తారు. చేతిలో పని వదిలి రావడం, సరిచేయడం, మళ్ళీ వెళ్ళి ఎక్కడ ఆపిందో వెతుక్కోవడం, పిలుపుకు 10 నిమిషాలు. ఐదు పిలుపులకు 50. మొత్తం 470. షిఫ్టు దాటి 20 నిమిషాలు. ఆ చివరి గది కోసం లాబీలో గెస్టు సూట్‌కేసు పట్టుకుని కూర్చున్నారు. ఫ్రంట్ ఆఫీసు నుంచి ఫోను. రిజిస్టరులో 'రాణి: స్లో' అని పడింది. మర్నాడు చెకింగ్ ఇంకా పెరుగుతుంది. సూట్లు చేయడం నేర్పాల్సినవాళ్ళ జాబితాలో ఆమె పేరు ఉండదు. ఆరు నెలలకు ఇద్దరి మధ్య తేడా నిజంగానే వచ్చేస్తుంది. అప్పుడు రిజిస్టరు చూపించి "నేను ముందే అన్నాను" అంటే కాదనడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

1998లో ఫ్రాన్స్‌లోని ఇన్‌సియాడ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు, జాన్-ఫ్రాంస్వా మంజోని, జాన్-లూయీ బార్సూ, సరిగ్గా ఇలాంటి వలయాన్నే వర్ణించారు. బాస్ అనుమానంతో నిఘా పెంచుతారు, ఉద్యోగి వెనక్కి తగ్గి చొరవ మానేస్తారు, ఆ వెనకడుగే అనుమానానికి రుజువవుతుంది. ఈ వలయాన్ని తిప్పేది చెడ్డ బాసులే కానక్కర్లేదని వాళ్ళు గుర్తు చేస్తారు. సాయం చేస్తున్నాననుకునే మంచి బాసులు కూడా తిప్పుతారు.

## హోటళ్ళలోనే ఇది ఎందుకంత బలంగా పట్టుకుంటుంది

ఫ్యాక్టరీలో తయారైన వస్తువును గోదాములో పెట్టి, తప్పుంటే వెనక్కి తీసుకోవచ్చు. హోటల్లో సేవ గెస్టు కళ్ళ ముందే పుట్టి అక్కడే అయిపోతుంది. భయంతో చేసిన నమస్కారానికీ, చనువుతో చేసిన నమస్కారానికీ తేడా గెస్టుకు ఇట్టే తెలుస్తుంది. పైగా ఇక్కడ మనుషులు తరచూ మారుతుంటారు, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు కొత్తవాళ్ళే.

ఈ 'కొత్త' అన్న సంగతి ముఖ్యం. 1984లో స్టీఫెన్ రాడెన్‌బుష్ బడి పిల్లల మీద జరిగిన ఇలాంటి 18 ప్రయోగాలను కలిపి చూశారు. టీచరుకు ఆ పిల్లలతో పరిచయం రెండు వారాలు దాటకముందే అంచనా చెవిన పడితే ప్రభావం కనిపించింది. అప్పటికే బాగా తెలిసిన పిల్లల విషయంలో దాదాపు కనిపించలేదు. ఎవరి గురించి మనకేమీ తెలియదో వారి మీదే విన్నమాట పనిచేస్తుంది. హోటల్లో చేరిన మొదటి పదిహేను రోజులను ఈ వెలుగులో చూస్తే, "వాడు తెలుగు మీడియం, ఫ్రంట్‌కు పనికిరాడు", "ఆ పిల్ల పల్లెటూరు నుంచి వచ్చింది, లాండ్రీలో వేయండి" అని హెచ్‌ఆర్ నుంచి డిపార్ట్‌మెంట్‌కు ఫోన్లో వెళ్ళే ఒక్క వాక్యం ఎంత బరువైనదో అర్థమవుతుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ట్రైనీగా చేరే మన పిల్లల్లో చాలామందికి ఈ వాక్యం తమ ముందే చేరిపోయిందని తెలియను కూడా తెలియదు.

పెద్దవాళ్ళ విషయంలో ఇంకో సామెత అడ్డం వస్తుంది: మొక్కై వంగనిది మానై వంగుతుందా అని. నలభై ఐదేళ్ళ రూమ్ బాయ్‌కి కంప్యూటర్ నేర్పకపోవడానికి ఇంతకన్నా తేలికైన సాకు దొరకదు. కానీ ఉద్యోగుల మీద జరిగిన ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణలు ఇంకోలా చెబుతున్నాయి. మొదట్లో ఎవరి మీద అంచనా తక్కువగా ఉందో, అంచనా పెరిగినప్పుడు ఎక్కువ లాభపడింది వాళ్ళే.

## నమ్మకానికి ఖర్చు పెట్టిన హోటళ్ళు

రిట్జ్-కార్ల్‌టన్ హోటళ్ళలో ఒక పద్ధతి ప్రసిద్ధి. గెస్టు సమస్య తీర్చడానికి ఏ ఉద్యోగి అయినా, పై అనుమతి అడగకుండా, ఒక్కో గెస్టుకు 2,000 డాలర్ల దాకా ఖర్చు పెట్టవచ్చు. అంత మొత్తం అవసరమయ్యే సందర్భాలు అరుదు. "నీ నిర్ణయం సరిగ్గానే ఉంటుంది" అన్న అంచనాను అధికారంగా మార్చి చేతికి ఇచ్చారన్నదే ఇక్కడ చూడాల్సిన విషయం.

మన దేశంలో అందరికీ గుర్తొచ్చేది ముంబయి తాజ్ మహల్ ప్యాలెస్. 2008 నవంబర్ 26 రాత్రి ఉగ్రదాడిలో అక్కడి సిబ్బంది పారిపోయే దారులు తెలిసీ గెస్టులను వదిలి వెళ్ళలేదు. వారిలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. రోహిత్ దేశ్‌పాండే, అంజలి రైనా దీన్ని అధ్యయనం చేసి 2011లో రాశారు. తాజ్ చిన్న పట్టణాల నుంచి, మార్కులకన్నా స్వభావం చూసి పిల్లలను తీసుకుంటుందనీ, మిగతా హోటళ్ళు ఏడాది ఇచ్చే శిక్షణను ఏడాదిన్నర ఇస్తుందనీ, పై అధికారిని చూడకుండా గెస్టు పక్షాన నిర్ణయం తీసుకోమని నేర్పుతుందనీ వివరించారు.

దీన్ని నాయకుల అంచనాల విజయంగా చెప్పుకోవచ్చా? కొంతవరకే. స్వభావం చూసి ఎంచుకున్నారు కాబట్టి ఎంపిక గొప్పతనం కావచ్చు, శిక్షణ గొప్పతనం కావచ్చు, ఆ రాత్రి ఆ మనుషుల గొప్పతనమే కావచ్చు. ఇవన్నీ కలిసిపోయిన చోట ఏది ఎంతో తూచడం కుదరదు. ఆ ఉద్యోగుల త్యాగాన్ని ఏ ఒక్క మేనేజ్‌మెంట్ సూత్రం ఖాతాలోనూ వేయడానికి నాకు మనసొప్పదు.

## గదులు ఊడ్చే పనే వ్యాయామమని చెబితే

అంచనాల గురించి నేరుగా హోటల్ కార్మికుల మీదే జరిగిన ఒక ప్రయోగం ఉంది. 2007లో అలియా క్రమ్, ఎలెన్ లాంగర్ అమెరికాలోని ఏడు హోటళ్ళలో గదులు శుభ్రం చేసే 84 మంది మహిళలను తీసుకున్నారు. వాళ్ళు రోజుకు సగటున 15 గదులు చేసేవారు. కొందరికి మాత్రం, "మీరు చేసే ఈ పనే మంచి వ్యాయామం, డాక్టర్లు చెప్పే కొలతకు సరిపోతుంది" అని వివరించారు. నాలుగు వారాల తర్వాత ఆ వివరణ విన్నవాళ్ళ బరువు, రక్తపోటు తగ్గినట్టు కనిపించింది. పని మారలేదనే వాళ్ళు చెప్పారు.

ఇక్కడ మారింది బాస్ అంచనా కాదు, తమ పని గురించి తమకున్న భావన. ఈ ప్రయోగం బాగా పేరు తెచ్చుకుంది. కానీ 2011లో వేరే పరిశోధకులు వేరే కార్మికులతో ఇలాంటిదే చేసినప్పుడు ఆ ఫలితం రాలేదు. మొదటి ప్రయోగంలోని మహిళలు తెలియకుండానే మరింత చురుగ్గా పనిచేసి ఉండొచ్చు, తిండి మార్చుకుని ఉండొచ్చు. ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని 'అంతా మనసులోనే ఉంది' అనడం గదులు తుడిచి నడుము పట్టేసిన మనిషికి అన్యాయం చేయడమే.

## కాదనేవాళ్ళ వాదనలోనూ బలముంది

మొదటి అభ్యంతరం 1968లోనే వచ్చింది. రోసెంథాల్ వాడిన పరీక్ష చిన్నపిల్లల తెలివిని నమ్మకంగా కొలవలేదని రాబర్ట్ థార్న్‌డైక్ తీవ్రంగా విమర్శించారు. రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. లీ జస్సిమ్ వంటి పరిశోధకులు, అంచనాలు పనితీరుతో సరిపోలడానికి చాలాసార్లు కారణం అవి సరైనవి కావడమే అంటారు. పాత లెక్కకే వెళ్దాం. రాణి నిజంగానే నెమ్మది అయితే? సూపర్‌వైజర్ అది పసిగట్టి చెకింగ్ పెంచి ఉంటే? బయటి నుంచి చూస్తే రెండు కథల్లోనూ రిజిస్టరు ఒకేలా కనిపిస్తుంది. అందుకే చీటీ తీసినట్టు పేర్లు ఎంచిన ప్రయోగాలకు అంత విలువ. వాటిలో మొదట్లో మనుషుల మధ్య తేడా లేదని మనకు తెలుసు.

కానీ ఆ ప్రయోగాల్లో బాస్‌కు అబద్ధం చెప్పారు. నిజమైన హోటల్లో జీఎంకు ఎవరు అబద్ధం చెబుతారు? మేనేజర్లకు ఇదంతా ముందే వివరించి, మంచి అంచనాలు పెట్టుకోవడం వర్క్‌షాపుల్లో నేర్పితే పనిచేస్తుందా అని ఈడెన్ బృందమే ఏడు చోట్ల పరీక్షించి 2000లో ప్రచురించింది. ఫలితాలు చాలా బలహీనంగా వచ్చాయి. నమ్మమని చెప్పగానే నమ్మకం పుట్టదు మరి. ఇంకో పరిమితి కూడా ఉంది. తొలి ప్రయోగాలు ఎక్కువగా మగవాళ్ళ మీద, అందులోనూ సైన్యంలో జరిగాయి. 1995 నాటి ఒక అధ్యయనంలో మహిళా అధికారి కింద ఉన్న మహిళల విషయంలో ఈ ప్రభావం కనబడలేదు. ఆడవాళ్ళు ఎక్కువగా ఉండే హౌస్‌కీపింగ్‌కు సైనిక శిబిరం ఫలితాలను నేరుగా తెచ్చి అతికించలేం.

మిగిలింది న్యాయం ప్రశ్న. ఇరవై మందిలో ఇద్దరిని 'భవిష్యత్ కెప్టెన్లు' అని ప్రకటిస్తే మిగతా పద్దెనిమిది మందికి ఏం చెప్పినట్టు? ఈడెన్‌కూ ఈ ప్రశ్న వచ్చింది. 1990లో ఆయన సైనిక దళాలను విడదీయకుండా, మొత్తం దళానికే సామర్థ్యం ఎక్కువని నాయకులకు చెప్పి చూశారు. ఆ దళాల పనితీరు మెరుగుపడింది. అంటే ఒకరిని ఎత్తడానికి ఇంకొకరిని దించాల్సిన అవసరం లేదు.

## అంచనా ఎక్కడ ఆగి ఒత్తిడి మొదలవుతుంది

సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన సిబ్బందిని పరిశీలించి, జీతం కోసం ముఖంలో భావాలను పలికించాల్సి రావడం కూడా శ్రమేనని చూపించారు. హోటల్ ఉద్యోగికి ఈ మాట వివరించనక్కర్లేదు. రాత్రి డ్యూటీ దాటి డబుల్ షిఫ్టులో నిలబడి నవ్వడమంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. "నువ్వు చేయగలవు, నాకు తెలుసు" అన్న వాక్యం వెనక ఇంకో మనిషి, సరిపడా దుప్పట్లు, నేర్పడానికి అరగంట ఉంటే అది నమ్మకం. ఇవేవీ లేకుండా 14 గదులను 18 చేసి అదే వాక్యం అంటే, లెక్క తప్పదు. 18 గదులకు 540 నిమిషాలు కావాలి, చేతిలో ఉన్నవి 450. ఆ మిగతా 90 నిమిషాలు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. ఆమె భోజనంలోంచి రావాలి, లేదా మంచం కింద ఊడ్చని దుమ్ములోంచి రావాలి.

ఒక హోటల్లో అంచనాలు ఎలా పంచుతున్నారో తెలుసుకోవాలంటే అప్రైజల్ ఫారాలకన్నా మూడు నెలల పాత అలాట్‌మెంట్ షీట్లు, అంటే సూపర్‌వైజర్ చేతిలోని ఆ ఉదయపు కాగితాలు, ఎక్కువ చెబుతాయి. సూట్లు ఎన్నిసార్లు ఎవరికి పడ్డాయి, కిచెన్ తలుపు పక్క టేబుళ్ళు ఎప్పుడూ ఎవరివి, చేరిన పదిహేనో రోజు తర్వాత ఎవరి ఫ్లోరు మారింది, ఎవరిది మారలేదు, అన్నీ తేదీలతో సహా అందులో ఉంటాయి. రాణి పేరు ఏ కాగితం నుంచి మొదలై ఒకేచోట ఆగిపోయిందో కూడా.